గేమ్ మోడ్ చేయాలంటే కంపైలర్ యాడ దొరికేది? టర్బో సీ నుంచి టెర్మక్స్ దాకా

ఈ ఎపిసోడ్‌ని ఒక్క పదంతో మొదలుపెడదాం: మోడ్.

ఇప్పుడు మోడ్ అంటే మనలో శానామందికి గుర్తొచ్చేది మోడ్ ఏపీకే. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి గేమ్ ఫైల్‌ని విప్పి, కాయిన్లు అన్‌లిమిటెడ్ చేసి, ఒక్కోసారి దాంట్లోనే వైరస్ కూడా దూర్చి, టెలిగ్రామ్‌లో పడేస్తాడు. మనం దించుకుంటాం, రెండ్రోజులు ఆడతాం, తర్వాత అకౌంట్ బ్యాన్ అవుతుంది. కథ అంతే.

కానీ ఆ పదం పుట్టినప్పుడు దాని అర్థం ఇది కాదు. గేమ్ ఆడేవాడే కూర్చుని, దాని లోపల చెయ్యి పెట్టి, దాన్ని ఇంకో గేమ్‌గా మార్చడాన్నే మోడ్ అన్నారు. మీ ఫోన్లో ఉన్న బీజీఎంఐనే తీసుకోండి. దాని వెనక పబ్జీ ఉంది, 2017లో వచ్చింది. పబ్జీ వెనక ఎవరు? బ్రెండన్ గ్రీన్ అనే ఐర్లండ్ మనిషి. ఆర్మా 2 అనే పీసీ గేమ్‌కి అప్పటికే డేజీ అనే మోడ్ ఉంది. ఆయన 2013లో దాని మీద ఇంకో మోడ్ కట్టాడు, పేరు బ్యాటిల్ రాయల్. మోడ్ మీద మోడ్ అన్నమాట. ఆ వరసలోనే పబ్జీ, దాని తర్వాత మన ఊళ్లలో అరుగు మీద నలుగురు కూర్చుని అరుస్తా ఆడే ఆటా వచ్చాయి.

అంటే ఆడేవాడు తయారుచేసేవాడుగా మారడానికి మోడింగ్ ఒక దోవ. అయితే ఆ దోవలో ఒక గేటు ఉంది. కొంచెం లోతుగా మార్చాలంటే పనిముట్టు కావాల. దాని పేరు కంపైలర్. అది ఎవరికి దొరికింది, ఎంతకి దొరికింది, మన తిరుపతి, చిత్తూరు పక్కకి ఎప్పుడు వచ్చింది, వచ్చినా మనం ఎందుకు చూడలేదు అన్నదే ఈరోజు చరిత్ర.

ముందు కంపైలర్ అంటే ఏందో చూద్దాం. తిరుపతి రైల్వే స్టేషన్ బయట ఆటో అన్నల్ని చూసుంటారు. తమిళ్ వాళ్లొస్తే తమిళం, కన్నడ వాళ్లొస్తే కన్నడం, నార్త్ నుంచి వస్తే హిందీ. ఎదుటి మనిషి ఒక మాట అంటాడు, ఆయన అప్పటికప్పుడు అర్థం చేసుకుని జవాబిస్తాడు. కంప్యూటర్లో ఇట్ట లైన్ లైన్‌గా చేసేదాన్ని ఇంటర్‌ప్రెటర్ అంటారు. కంపైలర్ అట్ట కాదు. మనం రాసిన పుస్తకం మొత్తాన్ని ముందే ప్రాసెసర్ భాషలోకి అనువాదం చేసి, కొత్త పుస్తకంగా చేతిలో పెడుతుంది. అందుకే స్పీడు. పెద్ద గేముల ఇంజన్లు సీ, సీ++ లాంటి భాషల్లో రాసి కంపైల్ చేసేది అందుకే.

ఇప్పుడు 1983కి పోదాం. ఆ రోజుల్లో కంపైలర్ అంటే ఖరీదైన వస్తువు. అమెరికాలో బోర్లాండ్ అనే కంపెనీ టర్బో పాస్కల్‌ని 49.95 డాలర్లకి అమ్మితే అదే పెద్ద సంచలనం అయింది, ఎందుకంటే మిగతా కంపెనీలవి దానికి ఎన్నో రెట్లు ఉండేవి. ఆ బోర్లాండే 1987లో టర్బో సీ తెచ్చింది. 1990లో టర్బో సీ++ వచ్చింది. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ మన ఊర్లో కలుస్తుంది.

అదే 1983 సెప్టెంబర్‌లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ గ్నూ ప్రాజెక్ట్ ప్రకటించాడు. ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు, అట్టాంటి ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం కడతాం అన్నాడు. దానికి కంపైలర్ కావాల. ఆయన చెప్పిన ఒక సంగతి ఉంది. నెదర్లాండ్స్‌లో ఫ్రీ యూనివర్సిటీ అనే యూనివర్సిటీ ఉంది. వాళ్ల దగ్గర ఒక కంపైలర్ కిట్ ఉందని తెలిసి, గ్నూకి వాడుకోవచ్చా అని ఉత్తరం రాశాడు. వచ్చిన జవాబు ఏందంటే, ఫ్రీ అయింది యూనివర్సిటీ గానీ కంపైలర్ కాదు అని. సరే అని తనే రాయడానికి కూర్చున్నాడు. 1987 మార్చి 22న మొదటి బీటా బయటికి వచ్చింది. అదే జీసీసీ.

గమనించారా? టర్బో సీ, జీసీసీ రెండూ ఒకే ఏడాది పుట్టాయి. ఒకటి డబ్బులకి, ఒకటి ఉచితంగా.

కానీ జీసీసీతో ఒక ఇబ్బంది ఉంది. అది యూనిక్స్ మెషీన్ల మీద నడిచేది. మామూలు మనుషుల ఇళ్లల్లో ఉన్నది డాస్ పీసీ. 1989 ప్రాంతంలో స్టాల్‌మన్ ఒక యూనిక్స్ యూజర్ల మీటింగ్‌లో మాట్లాడుతుంటే, డీజే డెలోరీ అనే ఇంజినీర్ లేచి అడిగాడు: జీసీసీని డాస్‌కి తెచ్చే ఆలోచన ఉందా? కుదరదు, జీసీసీ మరీ పెద్దది, డాస్ 16 బిట్ సిస్టమ్ అని స్టాల్‌మన్ జవాబు. కుదరదు అన్నారు కదా, చేసి చూపిద్దాం అని డెలోరీ మొదలుపెట్టాడు. దాని పేరు డీజేజీపీపీ. 386 ప్రాసెసర్ ఉన్న మామూలు డాస్ పీసీ మీద 32 బిట్ ప్రోగ్రాములు, రూపాయి ఖర్చు లేకుండా.

ఇప్పుడు గేముల్లోకి వద్దాం. 1993 డిసెంబర్‌లో ఐడీ సాఫ్ట్‌వేర్ డూమ్ వదిలింది. మ్యాపులు, బొమ్మలు, శబ్దాలు అన్నీ వ్యాడ్ అనే ఫైల్లో విడిగా పెట్టారు, కావాలంటే జనం మార్చుకోవచ్చు. జనం మార్చారు, వేలకొద్దీ మ్యాపులు. కానీ ఆట నియమాలు మార్చాలంటే? కోడ్ లేదు. డీహ్యాక్ఎడ్ అనే టూల్‌తో ఎగ్జిక్యూటబుల్ ఫైల్లో ఉన్న అంకెల్ని నేరుగా మార్చేవాళ్లు. తుపాకీకి ఎన్ని గుండ్లు, రాక్షసుడికి ఎంత ప్రాణం, ఇట్టాంటివి. తాళం చెవి లేక కిటికీ ఊచల్లోంచి కర్ర పెట్టి సామాను జరిపినట్టు.

1996లో అదే కంపెనీ క్వేక్ తెచ్చింది. ఈసారి ఆట నియమాలకి ఒక చిన్న భాష పెట్టారు, పేరు క్వేక్‌సీ. దాని కంపైలర్‌ని, ఆట నియమాల కోడ్‌ని ఉచితంగా బయటికి ఇచ్చేశారు. ఇంకో విశేషం ఏందంటే, క్వేక్ డాస్ వెర్షన్‌ని కంపైల్ చేసింది మనం ఇందాక చెప్పుకున్న డీజేజీపీపీతోనే. కుదరదు అన్న పని ఏడేళ్లకి ప్రపంచంలో అందరూ మాట్లాడుకునే గేమ్ లోపల కూర్చుంది.

ఫలితం వెంటనే కనపడింది. అదే 1996లో ఆస్ట్రేలియాలో రాబిన్ వాకర్, జాన్ కుక్, ఇయాన్ కాఘ్లీ అనే ముగ్గురు క్వేక్‌సీతో టీమ్ ఫోర్ట్రెస్ మోడ్ చేశారు. కంపైలర్ ఫ్రీ, కోడ్ కళ్లముందు ఉంది, మిగిలింది ఓపిక. 1998లో వాల్వ్ కంపెనీ వాకర్‌ని, కుక్‌ని ఉద్యోగంలోకి తీసుకుంది.

తర్వాత గేటు మళ్లీ సగం మూసుకుంది. 1997 చివర్లో వచ్చిన క్వేక్ 2లో ఆట నియమాలు నిజమైన సీ భాషలో రాసి, విండోస్ డీఎల్ఎల్ ఫైల్‌గా పెట్టారు. స్పీడు పెరిగింది. కానీ డీఎల్ఎల్ చేయాలంటే విండోస్ కంపైలర్ కావాల. కంపెనీలు వాడే విజువల్ సీ++ ఖరీదు వందల డాలర్లు. స్కూలు, కాలేజీ పిల్లోళ్లు యాడ తెస్తారు? ఆ రోజుల్లో మోడింగ్ చేసే ప్రతి కొత్తోడూ మొదట అడిగే ప్రశ్న ఇదే: ఫ్రీ కంపైలర్ ఏదైనా ఉందా?

దానికి జవాబులు ఒకటొకటిగా వచ్చాయి. జేకబ్ నవియా చేసిన ఎల్‌సీసీ విన్32 ఒకటి. 1998లో కాలిన్ పీటర్స్ జీసీసీని విండోస్‌కి తెచ్చి మింజీడబ్ల్యూ మొదలుపెట్టాడు. మీరు డెవ్ సీ++ గానీ, కోడ్‌బ్లాక్స్ గానీ వాడుంటే, లోపల తిరిగే ఇంజన్ చాలావరకు మింజీడబ్ల్యూనే. 1999 చివర్లో వచ్చిన క్వేక్ 3కి ఐడీ వాళ్లు ఇంకో పని చేశారు. ఎల్‌సీసీ అనే చిన్న సీ కంపైలర్‌ని తమ గేమ్‌కి తగ్గట్టు మార్చి మోడర్ల కిట్‌తో పాటే ఇచ్చేశారు. కంపైలర్ కొనే బాధ లేదు.

అదే 1999లో కెనడాలో చదువుకుంటున్న మిన్ లె, అతని స్నేహితుడు జెస్ క్లిఫ్ కలిసి హాఫ్ లైఫ్ గేమ్ మీద ఒక మోడ్ చేశారు. మిన్ లె అంతకుముందు క్వేక్ మీద నేవీ సీల్స్ అనే మోడ్ చేసి చెయ్యి తిప్పుకున్నోడు. కొత్త మోడ్ పేరు కౌంటర్ స్ట్రైక్. ఇక్కడి నుంచి కథ మన ఊరికి వస్తుంది.

కౌంటర్ స్ట్రైక్ 1.6, వైస్ సిటీ, ప్రాజెక్ట్ ఐజీఐ. ఈ మూడూ ఆడని నెట్ సెంటర్ తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ ఒకప్పుడు లేదు అంటే అతిశయోక్తి కాదు. హాస్టళ్లలో ల్యాన్ కేబుల్ వేసుకుని రాత్రంతా కౌంటర్ స్ట్రైక్ ఆడేవాళ్లు. ఆ గేముకి సర్వర్ ప్లగిన్లు రాసుకోవడానికి ఏఎంఎక్స్ మోడ్ ఎక్స్ అనే ఉచిత సాధనం ఉంది. దాంట్లో పాన్ అనే చిన్న భాష, దాని కంపైలర్ కూడా ఫ్రీ. అంటే ఆటా మన దగ్గరే ఉంది, మార్చే పనిముట్టూ ఒక డౌన్‌లోడ్ దూరంలో ఉంది. కానీ అక్కడ ఆడేవాళ్లలో దాన్ని తెరిచి చూసినోళ్లు నాకైతే కనపడలేదు.

ఎందుకు? తెలివి లేక కాదు. కంపైలర్ అంటే మనకి పరిచయం అయిన తీరు వేరే.

నేను 2014లో తిరుపతిలో బీటెక్ ఫస్టియర్ చేరాను. కాలేజీ పేరు వద్దు, ఎందుకంటే ఇది ఒక్క కాలేజీ కథ కాదు. సీ ల్యాబ్‌లో సిస్టమ్ ఆన్ చేస్తే నీలం రంగు స్క్రీన్. టర్బో సీ++ 3.0. 1990ల మొదట్లో వచ్చిన సాఫ్ట్‌వేర్, నేను పుట్టకముందుది. 64 బిట్ విండోస్ మీద 16 బిట్ ప్రోగ్రాములు నడవవు కాబట్టి, దాన్ని డాస్‌బాక్స్ అనే పెట్టెలో పెట్టి నడిపించేవాళ్లు. తమాషా ఏందంటే, డాస్‌బాక్స్ అనేది పాత డాస్ గేములు ఆడుకోవడానికి చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్. గేములాడే సాధనంలో చదువు పెట్టి నడిపాం.

దాంట్లో ఏం నేర్చుకున్నాం? కోనియో డాట్ హెచ్, క్లియర్ స్క్రీన్, గెట్‌చ్, వాయిడ్ మెయిన్. ఇంటీజర్ సైజు 2 బైట్లు అని వైవాలో చెప్పాం. అందుకే 32767కి ఒకటి కలిపితే మైనస్ 32768 వచ్చేది. మామూలు పీసీలో జీసీసీ వాడితే అదే ఇంటీజర్ 4 బైట్లు. సీ++కి అధికారిక ప్రామాణికం వచ్చింది 1998లో. టర్బో సీ++ 3.0 దానికంటే పాతది కాబట్టి మేం రాసిన హెడర్లలో కొన్ని బయట కొత్త కంపైలర్లలో నడిచేవి కాదు. ఇక అసలు విషయం, ఆ కంపైలర్‌తో విండోస్ డీఎల్ఎల్ చేయలేం. అంటే 1997 చివరి నుంచి వచ్చిన క్వేక్ 2, హాఫ్ లైఫ్ లాంటి ఏ గేముకీ దాంతో మోడ్ రాయడం కుదరదు. మనకి చేతికిచ్చిన పనిముట్టు ఆ గేటుకి పట్టే తాళం చెవే కాదు.

న్యాయంగా మాట్లాడుకుందాం. టర్బో ఎందుకు అన్నేళ్లు నిలబడింది అంటే కారణాలున్నాయి. చిన్న ఫైలు, ఒక్క సీడీలో పట్టేస్తుంది. నెట్ లేకపోయినా పాత డబ్బా సిస్టమ్ మీద నడుస్తుంది. రాసేదీ, కంపైల్ చేసేదీ, తప్పు చూపించేదీ అన్నీ ఒకే కిటికీలో. లెక్చరర్లు దాంట్లోనే నేర్చుకున్నారు, టెక్స్ట్‌బుక్కులు దాంతోనే రాశారు, ల్యాబ్ మాన్యువల్, రికార్డు, ఎక్స్‌టర్నల్ అన్నీ దానికి తగ్గట్టే ఉన్నాయి. ఒకటి మారిస్తే అన్నీ మార్చాల. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. అలవాటు అంతే.

కానీ ఆ అలవాటు ఖరీదు ఎవరు కట్టారు? 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక మన పక్క పీలేరు, పుంగనూరు, సత్యవేడు, కుప్పం పల్లెల నుంచి ఇంట్లో మొట్టమొదటిసారి ఇంజినీరింగ్ చదివే పిల్లోళ్లు వేలల్లో వచ్చారు. వాళ్లలో ఎంతమంది ఇంట్లో కంప్యూటర్ ఉంటుంది? వాళ్లకి కంప్యూటర్ అంటే ఆ ల్యాబే. ఆ నీలం స్క్రీనే ప్రోగ్రామింగ్ అనుకున్నారు. ఇంట్లో పీసీ, నెట్ ఉన్న పిల్లోడు ఎట్టాగో కోడ్‌బ్లాక్స్ కనుక్కుంటాడు. లేనోడు ఉద్యోగంలో చేరిన రోజు నాలుగేళ్లు నేర్చుకున్నదాంట్లో సగం మర్చిపోయి మళ్లీ మొదలుపెడతాడు.

ఇంకో వింత ఉంది. టర్బో సీ++ 3.0 డబ్బులకి అమ్మిన సాఫ్ట్‌వేర్. దాన్ని పెన్‌డ్రైవ్‌లో కాపీ కొట్టుకుని వాడాం. నిజంగా ఉచితమైన జీసీసీ మాత్రం 1987 నుంచి అక్కడే ఉంది. చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరిగినట్టు.

ఇక్కడ మన తెలుగుకి ఒక బలం ఉంది. ఇంగ్లీషులో ఫ్రీ అంటే రెండర్థాలు, డబ్బులు అక్కర్లేదు అని ఒకటి, కట్టడి లేదు అని ఇంకోటి. ఆ గందరగోళం తీర్చడానికి స్టాల్‌మన్ ఎన్నో ఏళ్లు ఉపన్యాసాలిచ్చాడు. తెలుగులో ఆ బాధ లేదు: ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాద్‌లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసిన కార్యకర్తలు తమ సంస్థకి స్వేచ్ఛ అనే పేరే పెట్టుకున్నారు. 2005లో అదే పేరుతో తెలుగులో ఒక ఆపరేటింగ్ సిస్టమ్ కూడా తెచ్చారు. రెండు రాష్ట్రాల్లోనూ ఇంజినీరింగ్ కాలేజీల్లో గ్లగ్ పేరుతో విద్యార్థి గ్రూపులు పెట్టి లినక్స్, జీసీసీ పరిచయం చేశారు. ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు కూడా జీసీసీతోనే సీ పాఠాలు తయారుచేసింది. అంటే చెప్పేవాళ్లు ఉన్నారు. ఆ మాట మన ల్యాబ్ గోడ దాటి లోపలికి రావడానికి శానా ఏళ్లు పట్టింది.

ఈలోపు కంపెనీలు కూడా దారికొచ్చాయి. 2000లో బోర్లాండ్ తన సీ++ 5.5 కమాండ్ లైన్ కంపైలర్‌ని ఉచితం చేసింది. 2004లో మైక్రోసాఫ్ట్ విజువల్ సీ++ టూల్‌కిట్ ఇచ్చింది. 2005లో ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ని ఒక ఏడాది వరకే ఫ్రీ అని తెచ్చి, 2006లో శాశ్వతంగా ఫ్రీ అంది. 2014 నవంబర్‌లో విజువల్ స్టూడియో కమ్యూనిటీ వచ్చింది. ప్రొఫెషనల్ వెర్షన్‌తో దాదాపు సమానమైనది విద్యార్థులకీ, హాబీ మనుషులకీ ఉచితం. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే మైక్రోసాఫ్ట్ సీఈఓ అయింది మన సత్య నాదెళ్ల. ఆయన నాన్న యుగంధర్ గారి ఊరు అనంతపురం జిల్లా బుక్కాపురం. ఇదంతా ఆయన ఒక్కడి పుణ్యం అనను, ఈ దోవ అంతకు చాలా ముందే మొదలైంది. జీసీసీ లాంటివి ఊరికే దొరుకుతుంటే కంపైలర్‌కి డబ్బులు అడగడం కష్టం. పైగా ప్రోగ్రామర్లు తమ విండోస్ వదిలి పోకుండా ఉండాలంటే పనిముట్టు చేతిలో పెట్టడమే మేలు. దుకాణం అద్దె వదులుకుని సంతని పెంచుకోవడం అన్నమాట. కాకపోతే ఒకసారి లెక్క చూడండి. 2014లో ఆ గేటు బార్లా తెరిచారు. అదే 2014లో నేను తిరుపతిలో నీలం స్క్రీన్ ముందు కూర్చున్నా.

ఇక ఈ రోజు మీ చేతిలో ఉన్నదాని సంగతి. 2000లో అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో విక్రమ్ అడ్వే దగ్గర చదువుతున్న క్రిస్ లాట్నర్ ఎల్ఎల్‌వీఎం మొదలుపెట్టాడు. దాని మీద కట్టిన సీ, సీ++ కంపైలర్ క్లాంగ్, 2007లో ఓపెన్ సోర్స్ అయింది. ఆండ్రాయిడ్ యాప్‌లలో సీ++ కోడ్ కోసం గూగుల్ ఇచ్చే ఎన్‌డీకే కిట్‌లో 2018 నుంచి ఉన్నది క్లాంగ్ ఒక్కటే. అంటే మీ ఫోన్లో ఆడే పెద్ద గేముల కోడ్ చాలావరకు ఈ ఉచిత కంపైలర్‌లోంచి దిగి వచ్చిందే. ఈ ఎల్ఎల్‌వీఎం మీద మన ఐఐటీ హైదరాబాద్‌లో రామకృష్ణ ఉపద్రష్ట గారి బృందం పరిశోధన చేస్తా ఉంది. కంపైలర్ వాడేవాళ్లమే కాదు, కంపైలర్ని మెరుగుపరిచేవాళ్లూ తెలుగు నేల మీద ఉన్నారు.

అదే క్లాంగ్ మీ ఫోన్లో కూడా నడుస్తుంది. ఎఫ్ డ్రాయిడ్ నుంచి టెర్మక్స్ దించుకోండి, పీకేజీ ఇన్‌స్టాల్ క్లాంగ్ అని ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టండి. కొంచెం పెద్ద డౌన్‌లోడ్, వైఫై ఉన్నప్పుడు పెట్టుకోండి. ల్యాప్‌టాప్ లేదు అనే మాట ఇక్కడితో సగం పోయినట్టే.

తర్వాత ఏం చేయాల? డూమ్ సోర్స్ కోడ్ 1997 డిసెంబర్ 23న బయటికి వచ్చింది, 1999లో జీపీఎల్ లైసెన్స్ కిందికి వచ్చింది. బొమ్మలు, మ్యాపులకి ఫ్రీడూమ్ అనే ఉచిత ప్రాజెక్ట్ ఉంది. అంటే చట్టం తప్పకుండా, ఎవరి అకౌంటూ బ్యాన్ కాకుండా, ఒక పూర్తి గేమ్ మీ ముందు విప్పి ఉంది. ఫోన్లోనో, ఫ్రెండ్ పీసీలోనో ఆ కోడ్ తెరవండి. ఒక్క అంకె మార్చండి, రాక్షసుడి ప్రాణం తగ్గించండి. కంపైల్ చేయండి. ఎర్రర్ వస్తుంది, ఖచ్చితంగా వస్తుంది. ఆ ఎర్రర్ మెసేజ్ చదవండి, సరిచేయండి, మళ్లీ చేయండి. టీమ్ ఫోర్ట్రెస్ చేసిన ముగ్గురైనా ఆ ఎర్రర్లు దాటుకునే వచ్చుంటారు.

1987లో టర్బో సీ ఎవరి చేతిలో ఉంది అనేది డబ్బు తేల్చింది. 2014లో మన ల్యాబుల్లో డబ్బు అడ్డం కాదు, ఎవరూ చెప్పకపోవడమే అడ్డం. ఈ పది నిమిషాలు విన్నాక మీకు ఆ అడ్డం కూడా లేదు. మీ కాలేజీ ల్యాబ్‌లో ఇంకా నీలం స్క్రీనే ఉందా? కామెంట్‌లో ఊరి పేరు రాయండి. జూనియర్ ఎవరైనా ఫ్రీ కంపైలర్ ఉందా అన్నా అని అడిగితే, పెన్‌డ్రైవ్‌లో టర్బో కాపీ ఇవ్వొద్దు, ఈ కథ చెప్పండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఆ డూమ్ కోడ్‌నే టెర్మక్స్‌లో కంపైల్ చేసి చూపిస్తా. ఉంటా మరి.